గెడ్డ ఇసుకలో బంగారం: గుణుపురం వైపు నుంచి ఒక కేస్ స్టడీ

ఒడిశా రాయగడ జిల్లాలో, గుణుపురానికి ఎగువన కొండల్లోంచి దిగి వంశధారలో కలిసే గెడ్డ ఒకటి ఉంది. ఎండాకాలంలో మోకాలి లోతు, వానాకాలంలో ఒడ్డున కట్టేసిన పశువుని కూడా మిగల్చని రకం. దాని ఇసుకలో బంగారం ఉందని, తీసే మిషను తాను ఇస్తానని బయటి నుంచి వచ్చిన ఒక వ్యాపారి ముగ్గురు భాగస్వాముల్ని కూడగట్టాడు. ఒకరికి లారీలున్నాయి, ఒకరికి ఇటుకల బట్టీ, మూడో ఆయన కంసాలి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే కుటుంబాలు. మిషను, పంపు, పాదరసం, శిక్షణ, ‘స్పాట్ చూపించడం’ అన్నీ కలిపి బేరం 14 లక్షలు. అడ్వాన్సు కింద 2 లక్షలు అప్పటికే చేతులు మారాయి. మిగతా డబ్బు కట్టే ముందు పరీక్ష చేసి చెప్పమని మమ్మల్ని అడిగారు.

ఈ ప్రాంతంలో వచ్చే ఒకే తరహా కేసుల్ని కలిపి, మనుషులూ ఊళ్లూ గుర్తుపట్టకుండా రాసిన నివేదిక ఇది. లెక్కల్లో బంగారం ధర గ్రాముకి 10,000 రూపాయలని పట్టాం. అసలు ధర రోజూ మారుతుంది గానీ, ఈ అంకెతో మిల్లీగ్రాముకి 10 రూపాయలని నోటి లెక్క వేసుకోవచ్చు.

ఆశ ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ధర సంగతి సరే. 2025 మార్చిలో ఒడిశా గనుల శాఖ మంత్రి శాసనసభలో బంగారం నిక్షేపాల గురించి చెప్పినప్పుడు సుందర్‌గఢ్, కేంఝర్, దేవ్‌గఢ్, నవరంగ్‌పూర్‌లతో పాటు కోరాపుట్ పేరు కూడా వినిపించింది. కోరాపుట్‌లో ఉంటే పక్కనే ఉన్న మన కొండల్లో ఎందుకుండదు అన్నది వ్యాపారి వాదన. అన్వేషణకు జీ-4, జీ-3, జీ-2, జీ-1 అని మెట్లుంటాయి. జీ-4 అంటే పైపై సర్వే. ఒక జిల్లా పేరు వార్తలో వచ్చిందంటే అది ఏ మెట్టు మీదుందో ముందు అడగాలి. చాలా ప్రాంతాలు జీ-4 దగ్గరే ఆగిపోతాయి.

తెచ్చిన ఆధారాలు

భాగస్వాములు నాలుగు వస్తువులు తెచ్చారు. పసుపు రేకులున్న గాజు బుడ్డి, ల్యాబ్ రిపోర్టు కాగితం, నగల దుకాణంలో ఒక రాయిని, ఎక్స్‌రేలతో లోహాల శాతం చూపించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ మీద పెట్టి తీసిన స్లిప్పు, వ్యాపారి చేసి చూపించిన పాదరసం ప్రదర్శన వీడియో. నాలుగింటిలో అందరూ కొట్టిపారేసే ల్యాబ్ రిపోర్టే నిజమైనది. ఎక్కువ ముంచింది కూడా అదే.

రిపోర్టులో ‘బంగారం: 38’ అని ఉంది. పక్క గడిలో పీపీబీ అని చిన్న అక్షరాలు. వ్యాపారి దాన్ని ‘టన్నుకి 38 గ్రాములు’ అని చదివి వినిపించాడు. పీపీబీ అంటే వంద కోట్ల పాళ్లలో ఒక పాలు. 1000 పీపీబీలు ఒక పీపీఎం, ఒక పీపీఎం అంటే టన్నుకి ఒక గ్రాము. కాబట్టి 38 పీపీబీ అంటే టన్నుకి 0.038 గ్రాము, అంటే 38 మిల్లీగ్రాములు, అంటే 380 రూపాయలు.

అక్కడితో అయిపోలేదు. ల్యాబ్‌కి పంపింది గెడ్డ ఇసుక కాదు, గాలించగా అడుగున మిగిలిన నల్ల ఇసుక. 40 కిలోల ఇసుక గాలించి 200 గ్రాముల మడ్డి పంపారు. అంటే 200 రెట్లు చిక్కబరిచిన సరుకు. 38ని 200తో భాగిస్తే అసలు ఇసుకలో టన్నుకి 0.19 మిల్లీగ్రాము. టన్ను ఇసుక తవ్వి, మోసి, కడిగితే చేతికొచ్చేది రూపాయి తొంభై పైసలు. ల్యాబ్ అబద్ధం చెప్పలేదు. నమూనా ఏమిటో, దేనికి ఎన్ని రెట్లు తగ్గించారో రిపోర్టులో ఉండదు. అది పంపినవాళ్లు రాసుకోవాల్సిన సంగతి. ఇలాంటి కాగితం ఎవరు చూపించినా మూడు ప్రశ్నలు అడగాలి. యూనిట్ ఏమిటి? పంపింది ముడి సరుకా, గాలించిన మడ్డా? గాలించక ముందు బరువెంత?

ఎక్స్‌ఆర్‌ఎఫ్ స్లిప్పులో రాయిలో బంగారం 1.2 శాతం అని వచ్చింది. అదే నిజమైతే టన్ను రాయిలో 12 కిలోలు. ప్రపంచంలో ఎక్కడా ఏ గనీ అలా నడవదు. నగల దుకాణాల్లో ఆ మిషను నగ కోసమే అమర్చి ఉంటుంది. తనకు కనిపించిన లోహాలన్నిటినీ కలిపి 100 శాతం చేసి చూపిస్తుంది. రాయిలోని సిలికా, అల్యూమినాలను అది లెక్కలోకే తీసుకోదు. పైగా జింకు, టంగ్‌స్టన్, ఆర్సెనిక్ వంటి వాటి ఎక్స్‌రే గీతలు బంగారం గీతలకు ఆనుకుని పడతాయి. రాయిని నగల మిషన్ మీద పెట్టి తీసిన స్లిప్పుని ఎవరు తెచ్చినా చదవకుండానే పక్కన పెట్టొచ్చు.

నల్ల ఇసుక ఏం చెబుతుంది, ఏం చెప్పదు

వీడియోల్లో అందరూ చెప్పే మాట ‘నల్ల ఇసుక ఉన్నచోట బంగారం’. గ్రీన్‌స్టోన్ అనే పురాతన అగ్నిపర్వత రాళ్ల పట్టీల్లో ఆ మాటకి కొంత అర్థముంది. కోలార్, హట్టి, మనవైపు రామగిరి, జొన్నగిరి అటువంటి పట్టీల్లోవే. తూర్పు కనుమల్లో మాత్రం ఆ సూత్రం పనిచేయదు. ఇక్కడి రాళ్లు ఖొండలైట్, చార్నోకైట్, గ్రానైట్ నైసు. భూమి లోతుల్లో బాగా కాగి గట్టిపడ్డవి. అంత వేడికి రాతిలోని నీరు, దానితో తిరిగే బంగారం ముందే వెళ్లిపోతాయి. అందుకే ఈ తరహా రాళ్లలో బంగారం గనులు అరుదు.

ఖొండలైట్ అరిగితే రాలేది గార్నెట్, సిల్లిమనైట్. చార్నోకైట్ నుంచి ఇల్మనైట్, మాగ్నటైట్. అన్నీ బరువైనవే. క్వార్ట్జ్ ఇసుక సాంద్రత 2.65 అయితే గార్నెట్ 4 చిల్లర, ఇల్మనైట్ 4.7, మాగ్నటైట్ 5.2. పళ్లెంలో గాలిస్తే ఇవి అడుగున మిగలక తప్పదు. గంజాం తీరంలో ఛత్రపూర్ దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ తవ్వుతున్న ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ ఇసుక ఈ కొండల అరుగుదల నుంచి వచ్చినదే. కాబట్టి మన గెడ్డల్లో నల్ల ఇసుక, ఎర్ర ఇసుక కుప్పలుగా ఉండటం కొండల గుణం. బంగారానికి అది సాక్ష్యం కాదు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, దాని మీద అణు ఖనిజాల చట్టాల ఆంక్షలు వేరే ఉన్నాయి. బరువైన ఇసుకను బస్తాలకెత్తి ఇంట్లో దాచుకోవడం ఏ రకంగానూ తెలివైన పని కాదు.

ఇక పసుపు మెరుపు. నైసు రాతిలోని నల్ల అభ్రకం నాని పాడైతే బంగారు రంగుకు తిరుగుతుంది. ఎండలో గెడ్డ అడుగంతా బంగారం పరిచినట్టే ఉంటుంది. మూడు పరీక్షలు చాలు. పళ్లెంలో నీళ్లు తిప్పితే అభ్రకం పైకి లేచి తేలుతుంది, బంగారం కదలదు. నీడలోకి తీసుకెళ్తే అభ్రకం మెరుపు చస్తుంది, బంగారం రంగు అలాగే ఉంటుంది. సూదితో నొక్కితే అభ్రకం పొరలుగా చీలుతుంది, బంగారంలా కనిపించే పైరైట్ ఖనిజం చిట్లి పొడి అవుతుంది, బంగారానికి సొట్ట పడుతుంది.

నమూనాలు తీసిన పద్ధతి

వ్యాపారి చూపించిన గుంట ఒక్కటే చూసి నమ్మడం కుదరదు కనుక గెడ్డ పొడవునా ఏడు చోట్లు ఎంచాం. ఎక్కడెక్కడన్నది అతనికి ముందుగా చెప్పలేదు. వంపు లోపలివైపు ఇసుక మేటకు ఎగువ కొస, పెద్ద గుండ్రాళ్ల వెనుక, వాలు తగ్గి నీరు నెమ్మదించేచోట, అడుగు బండలో ప్రవాహానికి అడ్డంగా ఉన్న చీలికలు. బంగారం ఆగితే ఇలాంటిచోటే ఆగుతుంది. ప్రతిచోటా అడుగు బండ తగిలేదాకా తవ్వి, చివరి 15 సెంటీమీటర్ల కంకర, బండ చీలికల్లో గీకిన మట్టి తీశాం. ఒక్కో నమూనా 20 లీటర్లు, అంటే రెండు బకెట్లు, బరువు సుమారు 34 కిలోలు. వ్యాపారి గుంటలో మాత్రం రెండు నమూనాలు తీశాం. పై 20 సెంటీమీటర్ల నుంచి ఒకటి, అడుగు బండ మీద నుంచి ఒకటి.

గాలించే ముందు గాలించేవాళ్లకే పరీక్ష. వలలకు కట్టే సీసం గుండుని ఆకురాయితో రాచి, అర మిల్లీమీటరు తుంపులు 20 ఏరి, సుత్తితో పలచగా కొట్టి, ఉత్త ఇసుకలో కలిపి ఇచ్చాం. సీసం సాంద్రత 11.3. దాన్ని పట్టలేని చెయ్యి సన్నటి బంగారాన్ని అసలే పట్టలేదు. 18 తుంపులు తిరిగొచ్చాకే పని మొదలైంది. చాలామంది ఈ మెట్టు ఎక్కరు. ఏమీ దొరకకపోతే ఇసుకలో లేదనుకోవాలో, చేతిలో పనితనం లేదనుకోవాలో తేలదు.

పళ్లెం బదులు సిమెంటు పనికి వాడే ఇనుప గమేళా వాడొచ్చు. అయితే నిప్పుల మీద కాల్చి నూనె జిడ్డు పోగొట్టాలి. జిడ్డు తగిలిన సన్న రజను నీటి మీద తేలిపోతుంది. నీటిలో ఒక్క చుక్క షాంపూ వేస్తే ఆ తేలడం తగ్గుతుంది. ముందు 5 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, జల్లెడ మీద మిగిలిన రాళ్లని ఒకసారి చూసి పారెయ్యాలి. జిగట మట్టి ఉండల్ని నీటిలో చేత్తో నలిపి పూర్తిగా విడగొట్టాలి. తొందరపడి వదిలేసిన ఉండ దొర్లుకుంటూ పోయి, తనకు అంటిన రేణువుల్ని కూడా పట్టుకుపోతుంది. తర్వాత పళ్లెం నీటిలో ముంచి అర నిమిషం పక్కలకు కుదపాలి, అప్పుడు బరువైనవి కిందికి దిగుతాయి. ఆపైన కొద్దిగా వాల్చి పై పొర కడగాలి, మళ్లీ కుదపాలి. బియ్యం గాలించడానికీ దీనికీ చేతి కదలిక ఒకటే. అక్కడ పైకి తేలిన బియ్యం కావాలి, ఇక్కడ అడుగున ఉండిపోయే రాయి కావాలి, అంతే తేడా. చివర రెండు చెంచాల నల్ల ఇసుక మిగిలాక, అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి తిప్పితే మాగ్నటైట్ వచ్చేస్తుంది. మిగిలినదాన్ని 10 రెట్ల లెన్సు కింద చూడాలి.

ఫలితం ఇది. ఏడు చోట్లలో ఆరింట ఏమీ లేదు. ఒకచోట, బండ చీలికలో గీకిన మట్టిలోంచి ఒకే ఒక్క రేణువు వచ్చింది. అడ్డం పావు మిల్లీమీటరు. అంచులు గుండ్రంగా అరిగి, మధ్యలో తుప్పు రంగు పట్టిన చిన్న గుంటలు. సందేహం లేదు, ఏటి బంగారమే. వ్యాపారి గుంట అడుగు నమూనాలో ఏమీ లేదు. పై నమూనాలో నాలుగు పెద్ద రేకులు దొరికాయి.

19 సాంద్రత ఉన్న లోహం పై 20 సెంటీమీటర్లలో ఆగి, అడుగున ఒక్కటీ లేకపోవడం ప్రకృతి చేసే పని కాదు. కంసాలి ఆయనకి లెన్సు ఇచ్చి చూడమన్నాం. ఆయన ఎంతోసేపు చూడలేదు. లారీల ఆయన వైపు తిరిగి, “ఇది ఏరు తెచ్చింది కాదు బావా, ఆకురాయి పొడి. గీతలు చూడు, ఒకటే వరస” అన్నారు. రేకులు కొసల్లో చుట్టుకుపోయి, ఒక ముఖం మీద సమాంతరంగా సన్నగీతలతో ఉన్నాయి. హాల్‌మార్కింగ్ సెంటర్లో చూపిస్తే 91 శాతం చిల్లర బంగారం, మిగతాది వెండి, రాగి. 22 క్యారెట్ల నగ కొలత అది. ఏటి బంగారంలో వెండి ఎంతైనా ఉండొచ్చు గానీ రాగి మామూలుగా ఒక శాతం దాటదు. నగల మిషను రాయికి పనికిరాదు కానీ రేకుకి పనికొస్తుంది. అది ఎవరి పని అని తేల్చడం మా పని కాదు కనుక, నివేదికలో ‘పై పొరలో నగల బంగారం కలిసింది’ అని మాత్రమే రాశాం.

అయితే ఈ కేసులో మమ్మల్ని ఎక్కువ జాగ్రత్తపడేలా చేసింది చల్లిన రేకులు కావు, ఆ ఒక్క అసలు రేణువు. అది కనిపించగానే ఇటుకల బట్టీ ఆయన ముఖం మారిపోయింది. ‘అంటే ఉందన్నమాట!’ బంగారం ఉందా లేదా అని అడిగితే దాదాపు ఏ ఏటిలోనైనా ‘ఉంది’ అనే జవాబు తెప్పించవచ్చు. ఘనమీటరుకి ఎంత అని అడిగినప్పుడే అది బేరమవుతుంది.

ఘనమీటరు లెక్క

రేణువు బరువుని కంటితో అందరూ ఎక్కువ అంచనా వేస్తారు. రేకు మందం అడ్డంలో పదోవంతు అనుకుంటే, ఒక మిల్లీమీటరు రేకు సుమారు 1.3 మిల్లీగ్రాములు. అర మిల్లీమీటరుది 0.17. పావు మిల్లీమీటరుది 0.02. అడ్డం సగానికి తగ్గితే బరువు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మాకు దొరికిన రేణువు విలువ 20 పైసలు.

వ్యాపారి గుంట పై పొరను పక్కన పెడితే మొత్తం గాలించింది 160 లీటర్లు, అందులో 0.02 మిల్లీగ్రాము. ఘనమీటరుకి లెక్కిస్తే 0.125 మిల్లీగ్రాము, రూపాయి పావలా. నిజానికి ఒక్క రేణువు మీద సగటు తీయడం గణితంగా చాలా బలహీనం. పది రెట్లు తప్పినా పన్నెండు రూపాయలే కనుక ఇక్కడ ఆ బలహీనత పట్టించుకోనక్కరలేదు.

ఇప్పుడు ఖర్చు వైపు. వ్యాపారి ఇస్తానన్నది రెండంగుళాల పెట్రోలు పంపుతో నడిచే పట్టీల పెట్టె, అంటే అడ్డపట్టీల మీదుగా నీరు పారించి ఇసుక కడిగేది. పారలతో పోసే ఇద్దరు, రాళ్లు తీసే ఒకరు, కడిగే ఒకరు. రోజుకి 6 ఘనమీటర్లు దాటదు. నలుగురి కూలి 2,000, పెట్రోలు 600, అరుగుదల, మరమ్మతు 400. రోజుకి 3,000 అంటే ఘనమీటరుకి 500 రూపాయలు. ఖర్చు మాత్రం తిరిగి రావాలంటే ఘనమీటరుకి 50 మిల్లీగ్రాములు చేతికి రావాలి. పెట్టె నూటికి అరవై పడుతుందనుకుంటే ఇసుకలో 83 ఉండాలి. దీన్ని పళ్లెం భాషలోకి మారిస్తే, ఎక్కడ తవ్వినా ప్రతి రెండు బకెట్లకీ అర మిల్లీమీటరు రేకులు కనీసం పది కనిపించాలి. ఒక్క గుంటలో కాదు, వరసగా గుంట తర్వాత గుంటలో. ఆపైనే లాభం మాట. ఈబ్, సుబర్ణరేఖ నదుల వెంట తరాలుగా ఇసుక కడిగే ఝరా కుటుంబాలున్నాయి. వాళ్లకు మిషను ఖర్చు లేదు, చేయి తిరిగిన పనితనం ఉంది. అయినా కడిగి మేడలు కట్టినవాళ్లు కనపడరు.

మిషను విషయం

పెట్టెను గెడ్డలో నడిపి చూశాం. మీటరు పొడవుకి 8 సెంటీమీటర్ల వాలు పెట్టాం, అది సరైనదే. పదిహేను నిమిషాల్లో అడ్డపట్టీల మధ్య ఖాళీలన్నీ గార్నెట్, ఇల్మనైట్‌తో బిగిసిపోయాయి. పట్టీ వెనుక నీరు సుడి తిరుగుతూ ఉండాలి. ఆ సుడిలోనే బరువైనవి దిగుతాయి. ఇసుక గట్టిపడితే సుడి ఉండదు, పెట్టె నున్నటి పలక అయిపోతుంది, సన్న రజను దాని మీద నుంచి జారిపోతుంది. సీసం తుంపులు 20 వేసి చూస్తే 7 దొరికాయి. వాలు పెంచితే గార్నెట్‌తో పాటు తుంపులూ పోయాయి. తేలిక ఇసుకల ఏళ్లకు చేసిన పెట్టె ఇది. ఇక్కడ నడపాలంటే పావుగంటకోసారి ఆపి కడగాలి, అప్పుడు రోజుకి 6 ఘనమీటర్లన్న లెక్క సగానికి పడిపోతుంది.

రెండు యాంటెనాల ‘లాంగ్ రేంజ్ డిటెక్టర్’ కూడా బేరంలో ఉంది. అది పట్టుకున్న చెయ్యి ఎటు వాలితే అటు తిరుగుతుంది. దానిమీద ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

పాదరసం

వీడియోలో వ్యాపారి ఒక తట్ట నల్ల ఇసుకలో 50 గ్రాముల పాదరసం పోసి, పిసికి, గుడ్డలో పిండి, పెసరగింజంత ముద్ద తీసి, బొగ్గుల మీద కాల్చి 200 మిల్లీగ్రాముల బంగారం చూపించాడు. ఆ ప్రదర్శనకి వాడిన సీసా భాగస్వాముల దగ్గరే ఉండిపోయింది. అమ్మకానికిచ్చిన సీలు సీసా వేరు. రెండూ ల్యాబ్‌కి పంపించాం. పాదరసాన్ని నైట్రిక్ యాసిడ్‌లో కరిగిస్తే బంగారం కరగకుండా గోధుమరంగు పొడిగా మిగులుతుంది. సీలు సీసాలో ఏమీ మిగల్లేదు. ప్రదర్శన సీసాలో 100 గ్రాములకి అర గ్రాము మిగిలింది. అంటే బంగారం ఇసుకలోంచి రాలేదు, సీసాలోంచి వచ్చింది. మామూలు వేడిలో పాదరసం తన బరువులో 0.1 శాతం పైచిలుకు బంగారాన్నే పూర్తిగా కరిగించుకోగలదు. అంతకు మించి కలిపింది గట్టి రేణువులుగా ఉండి గుడ్డలో ఆగుతుంది. అందుకే ఆ ముద్ద అంత తేలిగ్గా వచ్చింది. పాదరసం ప్రదర్శన ఎవరు చేసినా ముందు ఆ పాదరసాన్నే పరీక్షకు పంపాలి. ఆ పరీక్ష ఇంట్లో చేయకూడదు, అప్పుడు లేచే ఎర్రటి పొగ ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది.

మోసం కంటే పెద్ద ప్రమాదం ఆ బొగ్గుల దగ్గరుంది. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కానీ దాని ఆవిరి అంతకు చాలా ముందే లేస్తుంది. రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ఒక్కసారి పీల్చినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కొద్దికొద్దిగా పీలుస్తూ ఉంటే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, మూత్రపిండాలు పాడవడం. ప్రదర్శన జరిగింది కంసాలి ఆయన ఇంటి వెనక వసారాలో, ధాన్యం బస్తాల పక్కన. ఆవిరి చల్లబడి పైకప్పు మీద, బస్తాల మీద కంటికి కనపడని బిందువులుగా దిగుతుంది, ఎండ ఎక్కినప్పుడల్లా మళ్లీ లేస్తుంది. ఆ వసారాలో వంట, పడక ఆపమన్నాం. చీపురుతో ఊడిస్తే బిందువులు ఇంకా చిన్నవవుతాయి కనుక తడిగుడ్డతో ఎత్తి మూత బిగించే డబ్బాలో పెట్టమన్నాం. ఇంట్లో వాళ్లకి మూత్రంలో పాదరసం పరీక్ష చేయించమన్నాం. పై పొర బస్తాలు తినడానికి వాడొద్దన్నాం.

ఇసుకలో కలిసిన పాదరసం పూర్తిగా తిరిగి రాదు. బంకమట్టి, తుప్పు, నూనె తగిలితే అది పిండిలా చిట్లి నీటితో పోతుంది. ఏటి అడుగు బురదలో మిథైల్ పాదరసంగా మారి చేపల్లోకి ఎక్కుతుంది. ఈ గెడ్డ నీరు వంశధారలోకి, అక్కడి నుంచి హిరమండలం గొట్టా బ్యారేజీకి వెళ్తుంది. గుణుపురంలో పోసింది శ్రీకాకుళం చేపలో తేలుతుంది. నిజంగా బంగారముండి కొద్దిపాటి మడ్డిని కరిగించాల్సి వస్తే పాదరసం అక్కర్లేదు. బాగా గాలించి చిక్కబరిచి, వెలిగారం వేసి మూసలో కరిగిస్తే చాలు. వెలిగారం ఇసుక ఖనిజాల్ని పలచటి చిట్టెంలా కరిగిస్తే బంగారం అడుగుకి దిగుతుంది. ఈ పని కంసాలికి కొత్తగా చెప్పక్కర్లేదు.

గుంటలు

గెడ్డవారన తీసిన గుంటలు మనిషి లోతుకి వెళ్తున్నాయి. తడి ఇసుక గోడ నిలబడినట్టే ఉండి ఒక్కసారిగా జారుతుంది. నడుము దాకా కప్పబడిపోయిన మనిషిని చేతులతో లాగలేరు. దడి కట్టకుండా నడుము లోతుకి మించి దిగకూడదు. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ చినుకు లేకుండానే నీరు వచ్చేస్తుంది. పూడ్చకుండా వదిలేసిన గుంటల్లో నిలిచిన నీరు మలేరియా దోమకి ఇష్టమైన చోటు, ఈ జిల్లాల్లో ఫాల్సిపారం మలేరియా సంగతి కొత్తగా చెప్పేదేముంది.

చట్టం

భాగస్వాములు అసలు అడగని ప్రశ్న ఇది. బంగారం ప్రధాన ఖనిజం. 1957 గనుల, ఖనిజాల చట్టం సెక్షన్ 4(1) ప్రకారం లైసెన్సు లేకుండా తవ్వడమే కాదు, వెతకడమూ నేరమే. 2015 సవరణ తర్వాత ముందొచ్చినవాడికి ముందు అనే పద్ధతి పోయింది, వేలంలోనే ఇస్తారు. 2023 సవరణతో వచ్చిన అన్వేషణ లైసెన్సు కూడా వేలం ద్వారానే. ‘కలెక్టరాఫీసులో కాగితం తెప్పిస్తా’ అన్న వ్యాపారి మాటకి ఆధారం లేదు. సెక్షన్ 21 కింద అయిదేళ్ల దాకా జైలు, హెక్టారుకి 5 లక్షల దాకా జరిమానా. తవ్వకానికి వాడిన పనిముట్లు, వాహనాలు జప్తు చేయొచ్చు. లారీల ఆయన ఈ చివరి వాక్యం దగ్గర రెండోసారి చదవమన్నారు. గెడ్డ ఇసుక ఎత్తడానికి ఒడిశా చిన్నతరహా ఖనిజాల నియమాలు, 2016 వేరుగా వర్తిస్తాయి. గట్టు అడవి భూమి అయితే అటవీ చట్టం కూడా.

ఇంకొకటి ఉంది. గెడ్డ పక్క పొలాన్ని ఒక సవర రైతు దగ్గర స్టాంపు పేపరు మీద అయిదేళ్లకి కౌలుకి రాయించుకున్నారు. రాయగడ జిల్లా మొత్తం రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గుర్తించిన గిరిజన ప్రాంతం. ఒడిశా 1956 రెండో రెగ్యులేషన్ గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారకుండా అడ్డుపడుతుంది, కౌలు కూడా అందులోకే వస్తుంది. ఆ కాగితం చెల్లదు. రైతుకిచ్చిన డబ్బు తిరిగి అడిగే హక్కు కూడా చిక్కుల్లో పడింది.

ఈ ఖర్చంతా పెట్టకముందే చూడదగిన ఉచిత సమాచారం ఒకటుంది. భారత భూగర్భ సర్వే సంస్థ జీఎస్‌ఐ జాతీయ భూరసాయన సర్వేలో ఏళ్ల అడుగు మట్టిని కిలోమీటరు గళ్లలో సేకరించి, నాలుగు చదరపు కిలోమీటర్లకి ఒక నమూనాగా కలిపి పరీక్షిస్తారు. బంగారం విలువలు పీపీబీల్లో ఉంటాయి. భూకోశ్ పోర్టల్లో, 2023 డిసెంబరులో మొదలైన జాతీయ భూవిజ్ఞాన సమాచార పోర్టల్ ఎన్‌జీడీఆర్‌లో టోపోషీట్ (సర్వే పటం) నంబరుతో వెతకవచ్చు. ఆ గడిలో చుట్టుపక్కల కంటే పైకి లేచిన విలువ లేకపోతే పార కూడా ఎత్తక్కర్లేదు.

కేసు ముగిసిన తీరు

గుంటలు వానల ముందే పూడ్పించారు. రెండు పాదరసం సీసాలూ మూతలు బిగించి ల్యాబ్ దగ్గరే వదిలేశారు. కౌలు కాగితం రద్దు చేసి రైతు డబ్బు రైతుకే వదులుకున్నారు. అడ్వాన్సు 2 లక్షలు రాలేదు, వ్యాపారి ఫోను మోగుతుంది గానీ ఎత్తడు. ఫిర్యాదు ఇవ్వాలంటే తాము ఏ పనికోసం డబ్బిచ్చారో రాయాల్సి వస్తుందని లారీల ఆయన, కంసాలి ఆయన వెనక్కి తగ్గారు. చెల్లింపు రుజువులతో న్యాయవాది దగ్గరికి వెళ్లమన్నది మా సలహా. ఇటుకల బట్టీ ఆయన మాత్రం వారం తిరక్కుండా నవరంగ్‌పూర్ వైపు ఇంకో ఏరుందని, అక్కడ నిజంగానే మంత్రి పేరు చెప్పాడని, నమూనాలకి ఎంత అవుతుందని అడిగారు. టోపోషీట్ నంబరు తెచ్చుకుంటే ముందు ఎన్‌జీడీఆర్ గడి చూద్దామని, దానికి డబ్బులేమీ అక్కర్లేదని చెప్పాం.